చదువప్పుకి ఐపీ

జులై 10, 2006. సోమవారం

నోటీసు వచ్చింది. రిజిస్టర్డ్ పోస్టు. పోస్టుమేన్ సంతకం చేయించుకుంటూ ముందు కవరు మీది బ్యాంకు ముద్ర చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. సాయంత్రానికి అరకంతా తెలిసిపోతుంది.

రెండు లక్షల పన్నెండు వేల మూడు వందలు. తీసుకున్నది లక్షా డెబ్భై. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, వైజాగ్‌లో రెండేళ్ళు, పదహారు మందికి ఒక మైక్రోస్కోపు. రేపటి శాస్త్రం ఇదే అన్నారు కాలేజీ వాళ్ళు. ఆ రేపు ఇంకా రాలేదు. ఈలోగా ఒకటో తరగతికి రైమ్స్ చెప్తున్నాను, నెలకి పద్దెనిమిది వందలు.

అమ్మ కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని చదివింది. కళ్ళజోడు మార్చాలి. చదివి, "సోంబరుకి కూడా వచ్చుంటాదా?" అంది. మొదటి మాట అది. నా సంగతి కాదు.

వచ్చే ఉంటుంది. హామీ ఆయనదే కదా. నాన్న పోయిన ఏడాదే లోను అడిగాను. తండ్రి లేని పిల్లకి ఎలా ఇస్తాం, ఎవర్నయినా హామీ తెచ్చుకో అన్నాడు అప్పటి మేనేజరు. మా నాన్న జాకబ్ మాస్టారి దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు నాలుగు ఊళ్ళలో ఉన్నారు. ఒక్క అక్షరమూ దిద్దని సోంబరు మావ ఒక్కడే కొండ దిగి వచ్చాడు. రెండెకరాల కాఫీ తోట ఉంది కాబట్టి సరిపోయింది. "మేస్టారి గుంట కదా" అని వేలు సిరాలో ముంచి, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా నొక్కాడు.

ఇప్పుడేం అనుకుంటున్నాడో. ఏదైనా అనుకోనీ.

జులై 14

సంత. సోంబరు మావ కనిపించాడు. ఎప్పుడూ అవతలి గట్టు నుంచే కేకేసే మనిషి, ఇవాళ నన్ను చూసి చింతపండు బుట్టల వెనక్కి తప్పుకున్నాడు. వెంట ఉన్న వాళ్ళావిడ సోములమ్మత్త అయితే నేరుగా నా వైపు చూసింది. నవ్వలేదు.

సరే. ఎవరెలాంటి వాళ్ళో నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

జులై 18

బడి ఆయా యర్రమ్మ అన్నం తినేటప్పుడు చెప్పింది. నేను అడగలేదు. నా ముందు ఎందుకు చెప్పిందో కూడా తెలుసు, పోస్టుమేన్ వాళ్ళ వీధిలోనే ఉంటాడు.

"మా ఆడబొట్టి మొగుడు ఎస్.కోటలో సీటీలేసీవోడమ్మా. అందరి డబ్బులూ మింగీసి ఐపీ పెట్టీసినాడు. ఇప్పుడు వోటల్లో కూకోని పెసరట్టు తింటన్నాడు. ఈ కళ్ళతో సూసినాను."

"ఐపీ అంటే ఏటో తెలుసా నీకు?"

"ఏటుంది? కోర్టులో దండమెట్టి నా కాడ నేదు బాబూ అని సెప్పీయడమే. సెప్పీసినాక ఇంక ఎవులూ అడక్కూడదు. బేగి తిను, బెల్లు కొట్టీయాల."

నా కాడ నేదు. నా దగ్గర నిజంగానే లేదు. మింగి లేదనడం వేరు, లేక లేదనడం వేరు.

జులై 22, శనివారం

ఒంటిపూట బడి అయ్యాక బస్సెక్కాను. ఇంట్లో ఉద్యోగం ఇంటర్వ్యూ అని చెప్పాను. ఎస్.కోటలో లాయరు వరహాలరావు గారి ఆఫీసు ఎరువుల కొట్టు మీద ఉంది. మెట్ల మీదంతా యూరియా వాసన.

"ఎమ్మెస్సీయా!" అన్నాడు కళ్ళజోడు పైకి తోసి. "ఐపీకి నా దగ్గరకొచ్చిన మొదటి ఎమ్మెస్సీ మీరే. ఇన్నాళ్ళూ చిట్టీల వాళ్ళు, కింద కొట్టు వాడి లాంటి వాళ్ళు. కింద కొట్టు వాడు కూడా ఒకసారి పెట్టాడు లెండి."

"చదువు కోసం తీసుకున్న అప్పు కూడా పోతుందా అండీ?"

"ఎందుకు పోదు? అమెరికాలో అంత సులువుగా పోదట, అక్కడ దానికి వేరే రూలు. మన చట్టం 1920 నాటిది. అప్పు చేసి చదువుకునే వాళ్ళు ఉంటారని అది రాసిన తెల్లదొరకి తెలీదు. తెలీదు కాబట్టి రాయలేదు. రాయలేదు కాబట్టి అడ్డు లేదు."

ఐదు వందలు దాటిన అప్పు ఉండి, తీర్చే దారి లేకపోతే చాలట. ఇవ్వాల్సిన వాళ్ళ పేర్లన్నీ జాబితా రాయాలి. కోర్టు మనల్ని దివాలా అని ప్రకటిస్తుంది, కొన్నాళ్ళకి డిశ్చార్జి అంటుంది. ఆ రోజుతో అప్పు రద్దు. ఏజెన్సీలో ఈ కోర్టులు లేవు కాబట్టి నేను ఎస్.కోటలో ఉంటున్నట్టు తన చెల్లెలింటి అడ్రసు రాస్తాడట. ఫీజు మూడు వేలు, సగం ముందు.

ఎక్కడా తడుముకోలేదు. హామీ సంగతి నేను ఎత్తగానే మాత్రం ఫోను మోగకపోయినా ఫోను వైపు చూశాడు. "అది తర్వాత చూద్దాం లెండి."

ఎనిమిది వందలు ఇచ్చాను, చేతిలో ఉన్నవి అవే.

జులై 30

గుడిలో అమ్మ పక్కన కూర్చున్నాను. ఫాదర్ గారు పరలోక జపంలో "మా అప్పులను మన్నించండి" అనగానే అమ్మ నా వైపు చూసింది. చూసిందని నాకే అనిపించిందా? లేదు. చూసింది.

ఆగస్టు 6

మేనేజరు గుడి బయట తగిలాడు. ఈయన కొత్తాయన, గుంటూరు వైపు మనిషి, పైకి మెత్తగా మాట్లాడతాడు. "ఎస్.కోట వెళ్ళొచ్చారట?" అన్నాడు.

ఎవరు చెప్పారు? బస్సులో మన వైపు వాళ్ళు ముగ్గురే ఉన్నారు. ముగ్గురినీ గుర్తు తెచ్చుకున్నాను. వెనక సీట్లో తలపాగా ఒకటి ఉన్నట్టుంది. సోంబరు మావ తలపాగా అలాంటిదే. కొండ మీద అందరి తలపాగాలూ అలాంటివే.

ఆయనే అయ్యుంటాడు.

ఆగస్టు 13

అమ్మ కేబేజీ తెచ్చింది, గట్టిగా, తలకాయంత. మేనేజరు భార్య గుడి దగ్గర అందరికీ పంచిందట. "క్వార్టర్సు వెనక పండించీసింది, ఏం తోటనుకున్నావ్!" అని అమ్మ మెచ్చుకుంటోంది.

"బాకీ ఉన్నవాళ్ళకి బ్యాంకు వాళ్ళు కేబేజీ ఎందుకిస్తారమ్మా?"

"ఓలే, నీకు అన్నింట్లో పురుగే కనిపిస్తాది."

తిన్నాను. బాగుంది.

ఆగస్టు 25, శుక్రవారం

చూశాను. ఈసారి అనుమానం కాదు, కళ్ళతో చూశాను.

పొద్దున్నే ఏడున్నర. వాన. బడికి వెళ్తూ బ్యాంకు సందు దాటుతున్నాను. సోంబరు మావ గోనెసంచి గొంగళిలా నెత్తిన వేసుకుని మేనేజరు క్వార్టర్సు వెనక గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడు. తట్టలేదు, పిలవలేదు. అలవాటైన మనిషి వెళ్ళినట్టు వెళ్ళాడు. గేటు గొళ్ళెం ఎటు తిప్పాలో కూడా తెలుసు.

చంకలో ఏదో మూట. తేనా? అడ్డాకులా? కోడా?

అంటే ఇద్దరూ ఒకటి. నన్ను ఇరికించి తను తప్పుకునే ఏర్పాటు. ఆ పిల్ల ఎస్.కోట వెళ్తోంది, ఏదో చేస్తోంది, చూసుకోండి అని చాడీలు మోయడం. మూటలో ముడుపు. మేస్టారి గుంట!

ఇక నాకు మొహమాటం లేదు.

సెప్టెంబరు 1

మళ్ళీ వెళ్ళాడు.

సెప్టెంబరు 5

వెళ్ళాడు. టీచర్స్ డే. పిల్లలు పెన్ను ఇచ్చారు.

సెప్టెంబరు 9, శనివారం

వరహాలరావు గారు బయటికి వెళ్తే బల్ల మీది చట్టం పుస్తకం తిరగేశాను. దొరికింది. అప్పు చేసినవాడికి డిశ్చార్జి వచ్చినా హామీ ఉన్నవాడికి విడుదల లేదు. ఒక్క వాక్యం. ఆయన రాగానే దాని మీద వేలు పెట్టి చూపించాను.

"చదివేశారూ?" అన్నాడు. "ఎమ్మెస్సీలతో ఇదే ఇబ్బంది."

"అంటే మొత్తం ఆయన మీద పడుతుందా?"

"పడుతుంది, కాగితం మీద. ఏం చేస్తారు? ఏజెన్సీ భూమి వేలం వేసినా ఇంకో గిరిజనుడే కొనాలి. ఎవడు కొంటాడు? నోటీసులు ఇస్తారు, ఊరుకుంటారు. అసలు నాలుగు లక్షల లోపు చదువు లోనుకి హామీ అడక్కూడదని వాళ్ళ రూలే ఉంది. అయినా ఆయన వేలిముద్ర వేశాడు కదా, వేశాక వేసినట్టే. మీకేం కాదు, ఆయనకీ ఏం కాదు."

ఏం కాదు. లాయరే అన్నాడు.

పైగా ఆయన అప్పుడే బ్యాంకువాడితో ఏదో మాట్లాడుకునే ఉన్నాడు. తన దారి తను చూసుకుంటున్నవాడి గురించి నేను ఎందుకు ఆలోచించాలి?

ఆ పేజీ నంబరు గుర్తుండిపోయింది. అనవసరంగా.

సెప్టెంబరు 10

ఏం కాదు.

అక్టోబరు 8

దసరా సెలవుల తర్వాత పిటిషను వేస్తానన్నాడు. ఇంకా టైపే కాలేదట. ముందు ఇవ్వాల్సిన సగంలో మిగతా ఏడు వందలు అందాయి కాబట్టి నా మీద ప్రేమ తగ్గింది.

ఎస్.కోట సంగతి మేనేజరుకి చెప్పింది అమ్మేనట. "ఉద్యోగం కోసం తిరుగుతోంది, కొంచెం ఓపిక పట్టండి బాబూ అని నేనే అడిగాను" అంది, గారెలు తిప్పుతూ, మామూలుగా.

అయితే మాత్రం? వెనక గేటు సంగతి అమ్మ చెప్పలేదు కదా.

నవంబరు 3

వలిసె పూసింది. లోయంతా పసుపు. వైజాగ్ నుంచి ఫొటోల వాళ్ళు దిగారు. మా బడి పిల్లల్ని పూలల్లో నిలబెట్టి తీసుకుంటున్నారు.

సోంబరు మావ తోటలో కాయ రాలిపోతోందట. ఆ ఊరి పిల్లాడు మా క్లాసులో ఉన్నాడు, వాడు చెప్పాడు. పక్క తోటలన్నీ కోతలు మొదలెట్టారట, ఆయన తోటలో ఎర్రపండు నేల మీదే కుళ్ళుతోందట. ఏడాది తిండి అది. ఎవరైనా అలా వదిలేస్తారా?

తోట అమ్మేశాడు. లేకపోతే బ్యాంకువాడికి రాసిచ్చేశాడు. ఆదివారం వెళ్ళి చూస్తాను. చూసి, మొహం మీదే అడుగుతాను.

నవంబరు 5, ఆదివారం

పూజ ఎగ్గొట్టి కొండెక్కాను. గంటన్నర నడక.

తోటలో సోములమ్మత్త ఒక్కతే కోస్తోంది. నడుముకి బుట్ట. రాలిన పండు మీద కాలు వేయకుండా అడుగు తీసి అడుగు వేస్తోంది, అయినా పడుతోంది. నన్ను చూసి కోయడం ఆపలేదు.

"మావ లేడా అత్తా?"

"ఆదోరం ఇంటికాడే ఉంటాడు. కర్రలకి పోనాడు. వారానికి నాలుగు రోజులు ఎక్కడికి పోతాడో నీకు తెల్దా?"

"తెలుసు. మేనేజరింటికి వెళ్తాడు. ఎందుకు వెళ్తాడో చెప్పు."

అప్పుడు ఆపింది. నా మొహంలో వెతికింది. నేను వాళ్ళని ఇన్నాళ్ళూ ఎలా చూశానో అలాగే, దొంగని చూసినట్టు.

"తెలిసే అడుగుతున్నావా, తెలవక అడుగుతున్నావా?"

"తెలీకే."

"గొత్తికి పోతన్నాడు" అంది. "నీ గొత్తికి."

నాకు అర్థం కాలేదని కాదు. ఆ మాట తెలుసు. నాన్న చెప్పేవాడు, అప్పు తీర్చలేనివాడు షావుకారింట్లో ఒళ్ళు పెట్టి చాకిరీ చేయడం, తీరిందని షావుకారు అనేదాకా. చట్టం దాన్ని ఎప్పుడో రద్దు చేసిందని కూడా చెప్పేవాడు.

"నోటీసు వొచ్చినాక బాంకు కాడికి పోనాడు. ఆ గుంట కట్టకపోతే నువ్వే సూసుకోవాల అన్నాడంట మేనేజరు. సూసుకుంతాను బాబూ అన్నాడు ఈయన. మర్నాడే గునపం ఒట్టుకెళ్ళీసినాడు. పెరడు తవ్వినాడు, కర్రలు కొట్టినాడు, ఏసున్న మడులకి నీల్లు మోసినాడు. మా మావ, ఈయన అయ్య, నలబై రూపాయలకి పద్నాలుగేళ్ళు సేసినాడు. ఇది లచ్చలంట కదా. ఈయన సచ్చిపోనాక మా గుంటడు పోవాలేటి?"

"వెళ్ళొద్దని ఎవరూ చెప్పలేదా?"

"ఎవులు సెప్తారు? సంతలో నిన్ను అడిగీస్తానన్నాను. వొద్దు, మేస్టారి గుంట సిగ్గుపడిపోద్ది అన్నాడు. నీకు కనబడకుండా తిరిగినాడు."

మూటలో ఏముంటుందని అడిగాను. ఇంత అవమానంలోనూ అది అడిగాను. "ఏటుంటాది? అంబలి, మజ్జానానికి" అంది.

కొండ దిగుతూ కేబేజీ గుర్తొచ్చింది. అక్కడే కూర్చుండిపోయాను. బాగుంది అని కూడా రాసుకున్నాను.

నవంబరు 6

బడికి సెలవు పెట్టి వెనక గేటు లోంచే వెళ్ళాను. గొళ్ళెం కుడి వైపుకి తిప్పాలి.

సోంబరు మావ బీన్సు పందిరి కడుతున్నాడు. నన్ను చూసి చేతిలో తాడు కింద పెట్టాడు, తప్పు చేస్తూ దొరికినట్టు. "ఏటిలా వొచ్చినావు గుంటా? బడి నేదా?" మేనేజరు బనీనుతో బయటికొచ్చాడు.

"ఈయన పనికి అప్పులో ఎంత తగ్గించారండీ?"

"దేనికి? అదేం మాట? నేను పిలవలేదమ్మా. ఆయనే వస్తాడు. వద్దంటే వినడు. కాలక్షేపానికి అనుకున్నాం."

"కాలక్షేపానికి కొండ దిగి వస్తాడా? మీరు ఎన్నిసార్లు వద్దన్నారు?"

లోపల్నుంచి ఆయన భార్య గొంతు, "టీ అయినా ఇచ్చాం కదండీ!"

సోంబరు మావ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను గొంతు తగ్గించాను. చదువుకున్నది ఇవాళ పనికొచ్చింది. గొత్తిని ఇంగ్లీషులో బాండెడ్ లేబర్ అంటారని, దానికి జైలు ఉందని, పాడేరులో సబ్‌కలెక్టరుకి అర్జీ రాయడానికి నాకు అరగంట చాలని చెప్పాను. ఈ లోనుకి మీ రూలు ప్రకారం హామీయే అక్కర్లేదని కూడా. ఆ హామీ కాగితం రద్దు చేసి ఆయన చేతికివ్వండి.

"రీజినల్ ఆఫీసుకి రాయాలి."

"రాయండి. శుక్రవారం దాకా నేను రాయను."

ఆయన నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. ఈ పిల్ల వెనక ఎవరున్నారు అని. అద్దంలో రోజూ చూస్తున్నాను ఆ చూపుని.

"రా మావా, ఇంటికి వెళ్దాం" అంటే కదల్లేదు. "తీరిందని ఆయన అనాల కదా" అని మళ్ళీ తాడు అందుకున్నాడు.

నవంబరు 10, శుక్రవారం

ఇచ్చాడు. హామీ పత్రం మీద అడ్డంగా ఎర్ర సిరాతో రద్దు, ముద్ర, సంతకం, రీజినల్ ఆఫీసు ఫ్యాక్సు నకలు. ఇంత బేగి ఎలా ఇచ్చాడు? మూడుసార్లు చదివాను, ముద్రని గోరుతో గీకి చూశాను. నిజమైనదే. భయపడ్డాడు, అంతే.

ఐపీ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయనా అడగలేదు.

సంతలోనే మావకి ఇచ్చాను. తన వేలిముద్రని తనే గుర్తుపట్టి నవ్వాడు.

"తీరిపోనాదా?"

"తీరిపోయింది మావా. నీ మీద ఇంకేం లేదు. రేపట్నుంచి వెళ్ళకు."

"పదిహేడు సంతలు తిరగలేదు అప్పుడే తీరిపోనాదేటి! మా అయ్యకి పద్నాలుగేళ్ళు పట్టింది." తలూపుకున్నాడు. "బాంకోడు మంచోడే."

సోములమ్మత్త నోరు తెరవబోయింది. నా వైపు చూసి మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

నవంబరు 18, శనివారం. ఎస్.కోట

పిటిషను టైపు అయింది. అడ్రసు మాత్రం మార్పించాను. ఎస్.కోటలో నిజంగానే గది చూసుకున్నాను, ట్యూటోరియల్లో పని దొరికింది, ఒకటో తేదీ నుంచి. అబద్ధపు అడ్రసు మీద నిజమైన విడుదల వస్తుందని నాకు నమ్మకం లేదు.

చివరి పేజీలో ఇవ్వాల్సిన వాళ్ళ జాబితా. బ్యాంకు ఒక్కటే ఉంది. కింద నా చేత్తో రాశాను. సోంబరు, పదిహేడు వారాలు, వారానికి నాలుగు రోజులు, అరవై ఎనిమిది రోజుల కూలి, రోజుకి ఎనభై.

వరహాలరావు గారు కళ్ళజోడు దించాడు. "ఎవరీయన? హామీ ఆయనేనా? ఆయన్ని ఎలాగో తప్పించారుగా, మళ్ళీ ఇందులోకి ఎందుకు తెచ్చారు?"

"ఆయనకి నేను ఇవ్వాలి."

"అయితే మంచిదే. రాశాం కాబట్టి ఇదీ పోతుంది. డిశ్చార్జి వచ్చిన రోజున బ్యాంకు అప్పుతో పాటే ఇదీ రద్దు. ఇంక జన్మలో మిమ్మల్ని అడగలేడు."

ఆయన ఎలాగూ అడగడు. అది కాదు. కోర్టులో ఎవరో గుమాస్తా నంబరు పిలుస్తాడు, ఎవరో ఒక సంతకం చేస్తారు, కొండ దిగి వచ్చిన ఆ రోజులన్నీ ఎప్పుడూ లేనట్టు అయిపోతాయి.

"దీన్ని తీసేయండి" అన్నాను.

"అన్ని అప్పులూ చూపించాలమ్మా. దాస్తే తప్పు."

"దాస్తున్నాను."

కుర్చీలో వెనక్కి వాలాడు. "నాకు చెప్పండి, ఫరవాలేదు. ఆయన పేరు మీద మీ పొలం ఏమైనా ఉందా?"

నవ్వొచ్చింది. లేదండీ అన్నాను. నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన వృత్తి.

పెన్ను తీసుకుని ఆ వరుస నేనే కొట్టేశాను. కొట్టేసిన చోట చిన్న సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. బ్యాంకు పేరు ఉంది, అది పోతుంది. మిగిలింది ఏ కాగితంలోనూ లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

సోంబరు మావకి, అరవై ఎనిమిది రోజులు.